బాండు – బందు – బంధము: ఒక ధాతువు చరిత్ర

కొల్లాపూరు ప్రాంతములో భూమి చేతులు మారినా, ఒకరి వద్ద మరొకరు అప్పు పుచ్చుకొన్నా, మధ్యవర్తిగా కూర్చున్న పెద్దమనిషి తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: "బాండు రాసుకున్నారా?" ముద్రాంకితమైన కాగితమునకు 'బాండు పేపరు' అన్న పేరు తెలంగాణ పల్లెలలో ఎంతగా స్థిరపడినదంటే, అది పరభాషాపదమన్న స్ఫురణయే ఎవరికీ కలుగదు. అదే రచ్చబండ మీద, అదే పెద్దమనిషి, పెండ్లి మాటలు వచ్చినప్పుడు 'సంబంధము' అంటాడు. చుట్టములను 'బంధువులు' అంటాడు. పురాణకాలక్షేపమున కూర్చుంటే 'భవబంధములు' అని నిట్టూర్చుతాడు. బాండు వేరు, బంధము వేరు అని ఆయన భావము. భాషాచరిత్ర మాత్రము అవి రెండూ ఒక తల్లి బిడ్డలని చెబుతున్నది.

ఆంగ్లములో ఈ 'బాండ్' అనే మాటకు ఉన్న అర్థవిస్తారము చిన్నది కాదు. కట్టివేసే త్రాడు, సంకెల దాని ప్రథమార్థము. మనుష్యులను కలిపే స్నేహము, వాత్సల్యము దాని సాత్త్వికార్థము. మాట తప్పితే దండన చెల్లించెదనని వ్రాసి ఇచ్చే ప్రతిజ్ఞాపత్రము న్యాయశాస్త్రార్థము. షేక్స్‌పియరు వెనిసు వర్తకుని నాటకములో ఒక చుక్క రక్తము చిందకుండ మాంసము కోయవలసి వచ్చిన చిక్కు అంతా ఈ పత్రము చుట్టూ అల్లినదే. ప్రభుత్వములు, వాణిజ్యసంస్థలు ప్రజల వద్ద తీసికొనే ఋణమునకు ఇచ్చే పత్రమూ బాండే. రసాయనశాస్త్రములో పరమాణువులను కూర్చి ఉంచే శక్తికి అదే పేరు. తెలుగు పాఠ్యపుస్తకములు దానిని 'బంధము' అని అనువదించినప్పుడు తెలిసో తెలియకో అక్కను చెల్లెలి ఇంటికే చేర్చినవి.

సంస్కృతములో 'బంధ్' ధాతువు క్ర్యాదిగణమునకు చెందినది. బధ్నాతి, బద్ధము, బంధనము అన్నవి దాని రూపములు. జర్మానిక్ భాషలలో దీని సోదరధాతువు నుండి ఆంగ్లమునకు 'బైండ్', 'బ్యాండ్', 'బండిల్', 'బాండ్' లభించినవి. ధనుస్సుకు నారి బిగించుట అన్న అర్థము నుండి వంచుటను తెలిపే 'బెండ్' కూడ ఈ కుటుంబములోనిదే. విల్లు కట్టినప్పుడు వంగుతుంది గదా! గ్రీకులో ఇదే ధాతువు 'పెంథెరోస్' అయినది. దాని అర్థము మామగారు, అనగా వివాహము చేత కట్టుబడిన చుట్టము. సంస్కృతపు 'బంధువు', గ్రీకుల 'పెంథెరోస్' వేల క్రోసుల దూరమున నిలిచి ఒకే మాట చెబుతున్నవి.

ఇచ్చట ఒక సందేహము రావలెను. గ్రీకులో 'ప'కారము, సంస్కృతములో 'బ'కారము. ఇవి రెండూ ఒకటే అనుటకు ప్రమాణమేమి? ఈ చిక్కు విడిపోవుటకు ఆధారము పాణినీయములోనే ఉన్నది. బంధ్ ధాతువునకు భవిష్యద్రూపము 'భంత్స్యతి'. బకారము ఉండవలసిన చోట భకారము వచ్చినది. దీనిని విధించినది అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయము, రెండవ పాదము, 37వ సూత్రము. ధాతువు చివర ఉన్న ధకారము తన ఊపిరిని కోల్పోయినప్పుడు మొదటి అక్షరము దానిని పొందుతుంది. దీనిని బట్టి ఆదిమరూపములో మొదటా చివరా రెండూ మహాప్రాణములే ఉండెననీ, ఒకే ధాతువులో రెండు మహాప్రాణములు ఇమడక సంస్కృతమూ గ్రీకూ వేర్వేరుగా మొదటిదానిని వదలినవనీ 1863లో హెర్మన్ గ్రాస్‌మన్ నిరూపించాడు. ఆయన వృత్తిచేత గణితోపాధ్యాయుడు. ఋగ్వేదమునకు నిఘంటువు కూర్చి, జర్మను భాషలోనికి అనువదించినవాడు. 1786లో కలకత్తాలో విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషల జ్ఞాతిత్వమును ప్రకటించినప్పటి నుండి పండితులు వెదకుచున్న సాక్ష్యములలో ఇది ఒకటి. పాణిని ఆ సూత్రము చేసిన కాలమునకు జర్మను భాషయూ లేదు, ఆంగ్లమూ లేదు. అయినను ఆంగ్లపు బాండుకు సంస్కృతముతో గల బంధుత్వమునకు సాక్షి ఆయనే.

ఈ ధాతువు కొల్లాపూరునకు ఒక త్రోవన రాలేదు, మూడు త్రోవల వచ్చినది.

మొదటిది సంస్కృతము. కొల్లాపూరు సురభి వంశీయుల జటప్రోలు సంస్థానమునకు రాజధాని. ఆ వంశములోని సురభి మాధవరాయలు 'చంద్రికాపరిణయము' అనే శ్లేషప్రౌఢమైన కావ్యము రచించాడు. ఆ కావ్యప్రక్రియ పేరే 'ప్రబంధము', అనగా చక్కగా కూర్చి కట్టినది. నిబంధము, అనుబంధము, చిత్రకవులు వేసే పద్మబంధ నాగబంధములు ఈ త్రోవన వచ్చినవే. ('గ్రంథము' కూడ ముడివేసినదే, కాని ధాతువు వేరు.)

రెండవది పారసీకము. సంస్థానాధిపతులు నిజామునకు పేష్కషు చెల్లించు సామంతులు. రాజ్యభాష మొదట పారసీ, తరువాత ఉర్దూ. ఆ త్రోవన వచ్చినవి బందు, బందీ, బందిఖానా, ఏటేటా శిస్తు లెక్క తేల్చే జమాబందీ. 'బందోబస్తు' మరీ విచిత్రము: అందులో ఈ ధాతువు రెండుసార్లున్నది, కట్టుట ఒకటి, కట్టబడినది మరొకటి. పండుగనాడు దేవాలయము ముందు పోలీసు బందోబస్తు, సమ్మెనాడు బజారు బందు, గర్భాలయములో స్వామికి అంగవస్త్రబంధము. మూడింటిలో ఉన్నది ఒక్క క్రియయే. ఈ పారసీక శాఖ మిక్కిలి ప్రాచీనమైనది. బెహిస్తూను కొండ మీద, సామాన్యశకమునకు సుమారు 520 ఏండ్ల పూర్వము చెక్కించిన శాసనములో దారయవహు చక్రవర్తి తన సేనాపతులను 'బందకులు' అన్నాడు. రాజునకు కట్టుబడినవారు అని దాని భావము. అదే క్రమముగా 'బందా' అయి దాసుడన్న అర్థమును, 'బందగీ' అయి దాస్యము, భగవత్సేవ అన్న అర్థములను పొందినది. భక్తులు 'దాసోఽహమ్' అనే చోట సూఫీలు 'బందా' అంటారు. నాడు నల్లగొండ జిల్లాలో చేరి ఉన్న జనగామ తాలూకాలో, విసునూరు దేశముఖుపై తన భూమి కొరకు న్యాయస్థానములో పోరాడి 1940లో హత్యకు గురియైన రైతు పేరు షేక్ బందగీ. పేరులో దాస్యము ఉన్నది, నడతలో లేదు.

మూడవ త్రోవ ఆంగ్లము. ముద్రాకాగితములు, న్యాయస్థానములు, జామీనుపత్రములు ఆ త్రోవన వచ్చినవి.

తెలుగు తనంతట తాను ఈ భావమునకు ఏమి చేసినది అన్నది కూడ గమనింపదగినదే. 'కట్టు' అన్న దేశ్యధాతువు నుండి కట్టుబాటు, తాళికట్టు, ఆనకట్ట పుట్టినవి; చుట్టూ ఉండువాడు 'చుట్టము' అయినాడు. ఆర్యభాషలతో సంబంధము లేకనే తెలుగు మనస్సు అదే బాటన నడచినది. హిందీలో ఆనకట్టను 'బాంధ్' అనుట కూడ ఈ కోవలోనిదే. కృష్ణానదికి శ్రీశైలమువద్ద కట్టిన ఆనకట్టకు 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 885 అడుగుల పూర్ణనీటిమట్టము వరకు జలాశయము నిండినప్పుడు కొల్లాపూరు ప్రాంతపు నదీతీరగ్రామములు అనేకము మునిగిపోయినవి. మంచాలకట్టలో ఉండిన మాధవస్వామి ఆలయమును శిలలు విప్పి, కొల్లాపూరునకు తరలించి పునర్నిర్మించారు. సోమశిల సోమేశ్వరుడు, జటప్రోలు మదనగోపాలస్వామి కూడ ఎత్తైన తావులకు చేరారు. నదిని బంధించుటకై దేవుని విప్పవలసి వచ్చినది.

ఇప్పుడు ఈ చరిత్రలోని ముఖ్యమైన మలుపు. ఆంగ్లములో 'బాండేజ్' అన్న మాటకు దాస్యము, బానిసత్వము అని అర్థము. వేదాంతగ్రంథములను ఆంగ్లములోనికి అనువదించినవారు 'బంధము' ఉన్న ప్రతి చోటా ఈ మాటనే వాడారు. చూచినవారెవరైనను అది 'కట్టుట' నుండియే పుట్టినదని తలపోస్తారు. కాని దాని జన్మము వేరు. ఉత్తరదేశముల నార్సు భాషలో 'బోండి' అనగా నివసించువాడు, ఇల్లు వాకిలి పొలము గల స్వతంత్రుడైన కాపు. 'నివసించుట' అన్న అర్థము గల 'బూఅ' అనే క్రియ నుండి అది పుట్టినది. ఆ క్రియ సంస్కృతపు 'భూ' ధాతువునకు సోదరి. భవనము, భువనము, భూమి, భవము ఆ కుటుంబములోనివే. 'హస్‌బండ్' అన్న మాటలోని రెండవ భాగము ఈ బోండియే. ఇంటియందు ఉండువాడు, అక్షరాల మన 'గృహస్థుడు'. (వెండితెరపై ప్రసిద్ధుడైన గూఢచారి జేమ్స్ బాండు ఇంటిపేరు కూడ ఇదే. తెలుగున చెప్పవలెనంటే ఆయన 'కాపు'వారి అబ్బాయి.)

1066లో నార్మనులు ఇంగ్లండును జయించారు. భూమి ప్రభువుల హస్తగతమైనది. స్వతంత్రుడైన బోండి తాను దున్నే మడిని విడిచి పోవుటకు వీలులేని వెట్టివాడైనాడు. పేరు మారలేదు, స్థితి మారినది. అప్పటికి కట్టును తెలిపే 'బాండ్' అన్న మాట ప్రక్కనే ఉన్నది, ధ్వని ఒకటే. వీడు కట్టుబడి ఉన్నాడు గనుక వీనికి ఆ పేరు వచ్చినదని జనులు భావించారు. ఇట్లు 'ఉండువాడు' అన్న మాట 'కట్టబడినవాడు' అన్న మాటలో లీనమైపోయినది. భూధాతువు బంధధాతువు చేత మ్రింగబడినది.

మన భాషలలో ఈ రెండు ధాతువులను ఎవరూ పొరబడి కలుపలేదు. తెలిసి కలిపి ఒక సమాసము చేశారు. అది 'భవబంధము'. ఉనికి భవము, కట్టు బంధము. ఉండుటయే కట్టుబడుట కాదు, ఉనికికి కట్టు ఎక్కడి నుండియో వచ్చి చేరినది అన్న వివేకము ఆ సమాసములోనే ఇమిడి ఉన్నది. అద్వైతులు దానిని అధ్యాస అన్నారు. శైవులు పశువునకు తగులుకొన్న పాశమన్నారు. బంధమోక్షములకు కారణము మనస్సేనని బ్రహ్మబిందూపనిషత్తు చెప్పినది. బంధము స్వభావమే అయితే మోక్షమన్న మాటకు అవకాశమే లేదు. ఆంగ్లదేశపు బోండి స్వభావముచేత స్వతంత్రుడు, కాలవశముచేత బద్ధుడు. ఆ మాట చరిత్రయే ఈ విషయమునకు ఒక దృష్టాంతము.

బంధమంతయు హేయమని శాస్త్రము అనలేదన్నది కూడ మరువరాదు. నాసదీయసూక్తములో ఋషులు తమ హృదయములో వెదకి, ఉన్నదానికి లేనిదానితో గల బంధువును కనుగొన్నారని ఉన్నది. అక్కడ 'బంధువు' అనగా చుట్టము కాదు, మూలసంబంధము. శతపథాది బ్రాహ్మణములలో ఒక యజ్ఞక్రియకును విశ్వములోని ఒక తత్త్వమునకును గల అంతస్సంబంధమునకు 'బంధు' అన్నదే పారిభాషికపదము; ఆ బంధువును ఎరిగి చేసినదే సఫలమైన కర్మ. పతంజలి ధారణను నిర్వచించినప్పుడు చిత్తమునకు ఒక దేశమునందు బంధమన్నాడు. హఠయోగులకు మూలబంధ, ఉడ్యాన, జాలంధరములు సాధనములు. కట్టు తానుగా చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. కట్టిన ముడి ఎవరి చేతిలో ఉన్నది, దానిని విప్పుకొనే అధికారము ఎవరికున్నది అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న పాలమూరు నేలమీద వేదాంతచర్చ కాదు. నిజాము రాజ్యములో 'భాగేలా' అన్న పద్ధతి ఉండెను. పెండ్లికో, చావుకో, కరవులో గింజలకో అప్పు తీసికొన్నవాడు ఆ అప్పు తీరువరకు దొర ఇంట పనిచేయవలెను. తీరకపోతే కుమారుడు చేయవలెను. అప్పు తీరుట అరుదు. రాజ్యము ఈ ఒప్పందములకు ప్రత్యేకనిబంధనలు కూడ చేసినది. 'నిబంధన' కూడ ఈ ధాతుసంతానమే. కూలియే లేని సేవ వెట్టి. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము నుండి ఆంధ్రమహాసభ వరకు తెలంగాణలో ప్రజాసంస్థలన్నీ వెట్టిని ప్రశ్నించుచునే వచ్చినవి. నల్లగొండ జిల్లా దేవరకొండలో 1931లో జరిగిన రెండవ ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు బూర్గుల రామకృష్ణారావు. ఆయన జన్మస్థలము పాలమూరు జిల్లాలోనిదే. భారతరాజ్యాంగము 23వ అధికరణములో బేగారును నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలనచట్టము, 1975 అక్టోబరు 25 నుండి అమలులోనికి వచ్చినట్లుగా, దేశమంతటా ఉన్న ఈ పద్ధతుల పేర్లను వరుసగా లెక్కించినది. ఆ జాబితాలో భాగేలా ఉన్నది, జీత ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. ఇంకొక గొప్ప మాట కూడ ఆ చట్టములో ఉన్నది: అట్టి అప్పు చెల్లించవలసిన బాధ్యత ఆ దినముననే నశించినది.

ఐనను రూపము మార్చుకొని బంధము నిలిచినది. దేశములోని ఆనకట్టల చెంత, కాలువల చెంత 'పాలమూరు లేబరు' అన్న పేరు ప్రసిద్ధము. గుంపుమేస్త్రీ వర్షములు లేని ఊరికి వచ్చి కుటుంబమునకు అడ్వాన్సు ఇస్తాడు. ఆ సొమ్ము తీరువరకు ఆలుమగలు పసిపిల్లలతో ఎక్కడికో వెళ్లి మట్టి మోస్తారు. పరదేశపు నదులకు బాంధ్‌లు కట్టినవారు తమ ఊరికి నీరు లేక పోయినవారు. ఈ అప్పును ఋణానుబంధమనుకొని ఓర్చుకోవలెనని చెప్పే మాట ఎక్కడైనా వినబడితే అది శాస్త్రమునకు అపచారము. ఋణానుబంధము జీవుల నడుమ గల కర్మసూత్రము. మేస్త్రీ చిట్టాపుస్తకము కాదు.

ఈ సందర్భమున ఒక సన్న్యాసిని తలచుకొనవలెను. 1939లో శ్రీకాకుళములో వేపా శ్యామరావుగా జన్మించి, ఆర్యసమాజములో సన్న్యాసము స్వీకరించిన స్వామి అగ్నివేశుడు 1981లో స్థాపించిన సంస్థ పేరు 'బంధువా ముక్తి మోర్చా'. ఆయన రాజకీయములు, మాటలు అందరికీ నచ్చినవి కావు. కాని బంధము, ముక్తి అనే రెండు వేదాంతపదములను రాతిక్వారీలలోనికి తీసికొనిపోయినది ఆ పేరు. 1983 డిసెంబరులో ఆ సంస్థ వ్యాజ్యముపై తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఒకనిచేత బలవంతముగా పని చేయిస్తున్నారని తేలితే అది అడ్వాన్సు కారణముగానే అని న్యాయస్థానము ఊహించవలెననీ, అప్పు ఉన్నదని నిరూపించే భారమును కూలివానిపై మోపరాదనీ చెప్పినది.

అప్పు, ఆకలి, బంధము కలిసిన కథలలో మిక్కిలి ప్రాచీనమైనది వేదవాఙ్మయములోనే ఉన్నది. అది ఐతరేయబ్రాహ్మణము సప్తమపంచికలోని శునశ్శేపోపాఖ్యానము. రాజసూయములో అభిషిక్తుడైన రాజునకు హోత దీనిని వినిపించవలెను. రాజు వినవలసిన కథ గనుకనే అక్కడ విధించారు. హరిశ్చంద్రుడు వరుణునికి కుమారుని ఇచ్చెదనని మాట ఇచ్చి వాయిదా వేయుచుండగా జలోదరవ్యాధి సోకినది. కుమారుడైన రోహితుడు తనకు బదులుగా ఒకనిని వెదకి అడవిలో తిరిగి, ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడనే ఋషిని చూచాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి విడువలేదు, చిన్నవానిని తల్లి విడువలేదు. నడిమివాడైన శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయినాడు. యూపమునకు వానిని కట్టుటకు ఎవరునూ ముందుకు రాలేదు. 'మరి నూరు ఆవులు ఇండు, నేనే కట్టెద' నన్నాడు తండ్రి. చంపుటకు ఎవరునూ రాకపోగా ఇంకొక నూరు అడిగి, కత్తి నూరుకొంటూ వచ్చాడు. అమ్మకమునకు ఒక వెల, బంధమునకు ఒక వెల, ప్రాణమునకు ఒక వెల. మూడును వేర్వేరుగా లెక్క వేసిన ఈ పత్రము కంటె క్రూరమైన బాండు మరొకటి ఉండదు.

బాలుడు దేవతలను శరణు పొందాడు. ఋగ్వేదము మొదటి మండలములోని 24వ సూక్తము ఆ ప్రార్థనలలోనిదే. పైపాశమును, నడిమి పాశమును, క్రింది పాశమును విప్పుమని వరుణుని వేడినది అందులోనే. ఒక్కొక్క ఋక్కుతో బాలుని కట్టు సడలుచుండగా హరిశ్చంద్రుని ఉదరవ్యాధి కూడ తగ్గుచు వచ్చినదని బ్రాహ్మణము చెబుతుంది. కట్టించినవాని రోగము కట్టబడినవాని విముక్తితోనే తీరినది.

తరువాత అజీగర్తుడు వచ్చి కొడుకును తిరిగి ఇమ్మన్నాడు. నీవు మూడు వందల ఆవులను నాకంటె ఎక్కువగా ఎంచినవాడవని శునశ్శేపుడు నిరాకరించాడు. విశ్వామిత్రుడు వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, దేవరాతుడని పేరిడి, తన నూటయొక్క మంది కుమారులకు జ్యేష్ఠునిగా స్వీకరించాడు. నడిమివాడును, చిన్నవారైన ఏబదిమందియు అన్నగా ఒప్పుకొన్నారు. పెద్దవారైన ఏబదిమంది ఒప్పుకొనలేదు. వారి సంతతి ఆర్యావర్తపు టంచులకు పోవునట్లు విశ్వామిత్రుడు శపించాడు. ఆ సంతతిగా ఐతరేయము పేర్కొన్న జనులు పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు; వారందరికంటె ముందు ఆంధ్రులు. వాఙ్మయములో ఆంధ్రశబ్దము మొట్టమొదట కానవచ్చే చోటు అదే.